సామాజిక, గణిత భాషాశాస్త్ర సదస్సులు: ఆదోని సీమ ఎదుట ఒక పరిశీలన

మనుషులు ఎవరితో, ఎక్కడ, ఏ భాషలో, ఏ తీరున మాట్లాడతారో పరిశీలించేది సామాజిక భాషాశాస్త్రం. భాషా నిర్మాణాన్ని సూత్రాల్లో, సంఖ్యల్లో, సంభావ్యతల్లో చెప్పేది గణిత భాషాశాస్త్రం. కంప్యూటర్ భాషాశాస్త్రం రెండోదాని నుంచి పుట్టిన శాఖే. ఈ విద్యలు రెండూ 20వ శతాబ్దం నడుమ, సుమారు పదేళ్ల వ్యవధిలో రూపు కట్టాయి. వాటికి పేరు పెట్టింది, హద్దులు గీసింది, కొత్తవాళ్లను చేరదీసింది చాలావరకు సదస్సులే. ఆ సదస్సుల చరిత్రను, అందులో తెలుగు నేల వంతును ఈ వ్యాసం వివరిస్తుంది. ఎదురుగా పెట్టుకున్న ప్రాంతం కర్నూలు జిల్లా పడమటి అంచున ఉన్న ఉరుకుంద, ఆదోని, ఎమ్మిగనూరు. ఈ సదస్సులు అక్కడ జరిగాయని కాదు. వాటిలో చర్చకు వచ్చిన ప్రశ్నలన్నీ ఆ ఊళ్లలో రోజూ నడిచే మాటల్లో ఉన్నాయి.

సరిహద్దు సీమ

ఉరుకుంద కౌతాళం మండలంలోని గ్రామం, ఈరన్నస్వామి క్షేత్రం. శ్రావణమాసంలో ఆంధ్ర జిల్లాల నుంచే కాక బళ్లారి, రాయచూరు జిల్లాల నుంచి, తెలంగాణ నుంచి భక్తులు వస్తారు. పడమటికి పోతే సిరుగుప్ప తాలూకా, ఉత్తరాన తుంగభద్ర దాటితే రాయచూరు జిల్లా. గుడి ముందు అంగట్లో కొనేవాళ్లు కన్నడంలో ధర అడిగితే అమ్మేవాళ్లు తెలుగులో చెబుతారు, బేరం ఎక్కడా ఆగదు. ఆదోని పత్తి మార్కెట్లో ఈ రెంటికీ దక్కనీ ఉర్దూ తోడవుతుంది. ఎమ్మిగనూరు చేనేతకు పేరుపడ్డ ఊరు. మాచాని సోమప్ప 1938లో స్థాపించిన చేనేత సహకార సంఘం ఆ పట్టణాన్ని దేశమంతటికీ తెలిసేలా చేసింది.

ఈ సీమ చరిత్రలో భాషా గణాంకాలు సరిహద్దులు గీశాయి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఆదోని తాలూకా మద్రాసు రాష్ట్రపు బళ్లారి జిల్లాలో ఉండేది. విభజనలో ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చాయి, మిగిలిన తాలూకాలు మైసూరుకు పోయాయి. బళ్లారి తాలూకా ఎటు చేరాలన్నది జస్టిస్ మిశ్రా విచారణ దాకా వెళ్లి, చివరికి మైసూరు వైపు తేలింది. మాతృభాష ఏదని అడిగితే ఒక మనిషి ఒక్క జవాబే చెప్పాలి. ఇంట్లో ఒకటి, అంగట్లో ఒకటి, బడిలో మరొకటి మాట్లాడేవాళ్ల సీమలో ఆ ఒక్క జవాబు ఎంత బరువు మోయాల్సివచ్చిందో ఆదోని చరిత్రే చెబుతుంది.

దేశంలో జరిగిన పేరుపడ్డ భాషా సర్వే కూడా ఈ నేల మీద అడుగు పెట్టలేదు. జార్జ్ గ్రియర్సన్ నడిపిన భారత భాషా సర్వే మద్రాసు ప్రెసిడెన్సీని, హైదరాబాదు, మైసూరు సంస్థానాలను తన పరిధిలోకి తీసుకోలేదు. 1906లో వచ్చిన నాలుగో సంపుటం ముండా, ద్రావిడ భాషల గురించే అయినా, తెలుగువాళ్లు, కన్నడిగులు ఎక్కువగా ఉన్న జిల్లాల్లో ఊరూరా తిరిగి సేకరించిన సమాచారం దానికి ఆధారం కాలేదు.

మొదటి సదస్సులు

గణితం వైపు కథ 1956 సెప్టెంబరులో ఎమ్‌ఐటీలో జరిగిన సమాచార సిద్ధాంత గోష్ఠితో మొదలుపెట్టడం రివాజు. నోమ్ చోమ్‌స్కీ భాషా వర్ణనకు మూడు నమూనాలను అక్కడే వివరించి, పదాల వరుసలకు సంభావ్యతలు కట్టినంత మాత్రాన వాక్య నిర్మాణం చిక్కదని వాదించాడు. 1960 ఏప్రిల్లో అమెరికన్ మేథమెటికల్ సొసైటీ న్యూయార్కులో భాషా నిర్మాణపు గణిత పార్శ్వాల మీద గోష్ఠి నడిపింది. దాని సంపుటానికి సంపాదకుడు రోమన్ యాకబ్సన్, అచ్చయింది 1961లో. యంత్రానువాద, కంప్యూటేషనల్ లింగ్విస్టిక్స్ సంఘంగా 1962లో మొదలైన సంస్థ ఇప్పుడు కంప్యూటేషనల్ లింగ్విస్టిక్స్ సంఘంగా ఏటా మహాసదస్సులు నడుపుతోంది. కోలింగ్ అని పిలిచే అంతర్జాతీయ సదస్సుల వరుస 1965లో న్యూయార్కులో మొదలై 2012 డిసెంబరులో ముంబైకి వచ్చింది. శుద్ధ గణిత పద్ధతులకు అంకితమైన మేథమెటిక్స్ ఆఫ్ లాంగ్వేజ్ సదస్సులు 1984లో మిషిగన్ రాష్ట్రం ఆన్ ఆర్బర్‌లో ఆరంభమయ్యాయి. ఈ రంగంలో మన దేశం నుంచి వెళ్లి శిఖరానికి చేరినవాడు అరవింద్ జోషీ. పుణెలో పుట్టిన ఆయన 1975లో సహచరులతో కలిసి ప్రతిపాదించిన వృక్ష సంయోజక వ్యాకరణం మీద 1990 నుంచి ప్రత్యేక గోష్ఠులే జరిగాయి.

సామాజిక భాషాశాస్త్రానికి అంతటి మలుపు 1964 మేలో వచ్చింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం తరఫున విలియమ్ బ్రైట్ ఏర్పాటు చేసిన ఆ సదస్సుకు జాన్ గంపర్జ్, డెల్ హైమ్స్, లబోవ్, హౌగెన్ వంటి పరిశోధకులు హాజరయ్యారు. 1966లో వచ్చిన సదస్సు సంపుటానికి శాస్త్రం పేరే శీర్షిక అయింది. సదస్సును పిలిచిన బ్రైట్ కన్నడ పండితుడు. 1950ల నడుమ పుణె దక్కన్ కాలేజీలో ఉండి వాడుక కన్నడ మీద పనిచేసి, 1958లో పుస్తకం వేశాడు. 1962లో అంతర్జాతీయ భాషాశాస్త్రవేత్తల మహాసభలో ఎ.కె. రామానుజన్‌తో కలిసి ఆయన సమర్పించిన పత్రం దక్షిణ భారత భాషల్లో కులాన్ని బట్టి మాట ఎట్లా మారుతుందో, ఆ తేడా భాషా పరిణామాన్ని ఎట్లా నడుపుతుందో చర్చించింది. కొత్త శాస్త్రపు తొలి ఇటుకల్లో కొన్ని మన పక్క ఇళ్ల మాటలతోనే కాల్చారన్న సంగతి తెలుగు పాఠకులకు ఎవరూ పెద్దగా చెప్పలేదు.

తర్వాత ఈ వైపున రెండు వరుసలు స్థిరపడ్డాయి. మాటల్లో వైవిధ్యాన్ని లెక్కగట్టే ఎన్‌వావ్ సదస్సులు 1972లో వాషింగ్టన్‌లోని జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయంలో, బ్రిటన్‌లో సోషియోలింగ్విస్టిక్స్ సింపోజియం 1976లో వాల్సాల్‌లో మొదలయ్యాయి. ఎన్‌వావ్ ఆసియా-పసిఫిక్ శాఖ తొలి సమావేశం 2011 ఫిబ్రవరిలో ఢిల్లీ విశ్వవిద్యాలయంలో జరిగింది.

ఈ రెండు శాస్త్రాలను వేర్వేరు గూళ్లలో పెట్టడం పైచూపే. లబోవ్ పద్ధతిలో సామాజిక భాషాశాస్త్రం అంటేనే లెక్క. ఆదోని మనిషి పత్తి రైతుతో "యాడికి పోతాండావప్పా" అంటాడు, బ్యాంకులో అధికారితో "ఎక్కడికి వెళ్తున్నారు సార్" అంటాడు. రెండూ అతని మాటలే. ఎవరితో, ఎంత వంతున, ఏ రూపం వస్తుందన్నది కొలిస్తే ఆ వంతుల్లో ఒక క్రమం కనబడుతుంది. ఆ క్రమాన్ని వ్యాకరణంలో సంభావ్యతతో కూడిన సూత్రంగా రాయవచ్చని 1974లో హెన్రియెట్టా సెడర్‌గ్రెన్, గణితవేత్త డేవిడ్ సాంకాఫ్ చూపించారు. ఆ తర్వాత ఎన్‌వావ్ వేదిక మీద గణాంక పద్ధతులు లేని పత్రం అరుదైంది.

మోనా సదస్సు, కుప్వాడ్ గ్రామం

ఆదోని సీమను అర్థం చేసుకోవడానికి అన్నిటికంటే దగ్గరగా వచ్చే పత్రాన్ని ఒక దూరద్వీపంలో సమర్పించారు. 1968 ఏప్రిల్లో జమైకాలోని మోనాలో, వెస్టిండీస్ విశ్వవిద్యాలయంలో, మిశ్రమ భాషల మీద సదస్సు జరిగింది. దానికి జాన్ గంపర్జ్, రాబర్ట్ విల్సన్ తీసుకువెళ్లిన ఉదాహరణ మహారాష్ట్ర సాంగ్లీ జిల్లాలోని కుప్వాడ్. డెల్ హైమ్స్ సంపాదకత్వంలో 1971లో సంపుటం వచ్చింది.

కుప్వాడ్‌లో జైనులు, లింగాయతులు కన్నడం, ముస్లింలు ఉర్దూ, దళితులు, మరికొన్ని కులాలవారు మరాఠీ మాట్లాడేవారు. నాలుగోది తెలుగు, తాళ్లు పేనేవాళ్ల ఇంటి భాష. వందల ఏళ్లుగా ఈ కుటుంబాల మగవాళ్లు రెండు మూడు భాషలు మార్చి మార్చి వాడుతూ వచ్చారు. ఫలితంగా ఆ ఊరి కన్నడం, ఉర్దూ, మరాఠీ వాక్య నిర్మాణంలో దాదాపు ఒక్కటైపోయాయని గంపర్జ్, విల్సన్ చూపారు. ఒక భాష వాక్యంలో ప్రతి పదం, ప్రతి ప్రత్యయం ఉన్నచోటనే ఉంచి వాటి బదులు మరో భాష మాటలు పెడితే సరైన వాక్యమే వస్తుంది. మాటలు మాత్రం కలవలేదు. ఇంట్లో మాట్లాడే భాష ఎవరు ఎవరో చెప్పే గుర్తు కాబట్టి, పదజాలాన్ని విడిగా కాపాడుకున్నారు.

ఈ పత్రం ఇచ్చిన అవగాహన చాలా విలువైందని ఈ వ్యాసకర్త అభిప్రాయం. భాషలు కలిసిపోతే ఒకటి చచ్చిపోతుందన్న భయం మనకు అలవాటు. కుప్వాడ్ ప్రజలు లోపలి వ్యాకరణాన్ని పంచుకొని, పైమాటలను విడిగా ఉంచుకొని, భాషలన్నిటినీ తరాలపాటు బతికించుకున్నారు. కౌతాళం, కోసిగి, హొళగుంద మండలాల్లో తెలుగు, కన్నడ వాక్యాలను పక్కపక్కన పెట్టి వినేవాళ్లకు ఈ మాట ఎంత దగ్గరదో విడమరచి చెప్పనక్కరలేదు.

వైవిధ్యానికి కొలత

1956లో జోసెఫ్ గ్రీన్‌బర్గ్ భాషా వైవిధ్యానికి కొలమానాలు ప్రతిపాదించాడు. అందులో మొదటిది సులభం. ఊళ్లో ఇద్దరిని ఎంచకుండా పిలిస్తే వాళ్ల మాతృభాషలు వేరు కావడానికి ఎంత అవకాశం ఉందన్నదే ఆ కొలత. ప్రతి భాష వాటాను దానితోనే గుణించి, అన్నిటినీ కూడి, ఒకటిలోంచి తీసెయ్యాలి.

వందమంది ఉన్న ఊరొకటి ఊహించుకుందాం. 60 మందికి తెలుగు, 30 మందికి కన్నడం, 10 మందికి ఉర్దూ మాతృభాషలు. వర్గాలు 0.36, 0.09, 0.01, మొత్తం 0.46. ఒకటిలోంచి తీస్తే 0.54. అంటే ఇద్దరు కలిస్తే సగానికి పైగా సందర్భాల్లో మాతృభాషలు వేరు. ఈ ఒక్క అంకె చూసి, అది చీలిపోయిన ఊరని ఢిల్లీలో కూర్చున్నవాళ్లు అనుకోవచ్చు.

గ్రీన్‌బర్గ్ అక్కడ ఆగలేదు. ఒక మనిషికి వచ్చిన భాషలన్నిటినీ లెక్కలోకి తీసుకొని, ఇద్దరికీ కనీసం ఒక భాష ఉమ్మడిగా ఉండే అవకాశాన్ని కొలిచే మరో సూచికనూ ఇచ్చాడు. మన ఊహా గ్రామంలో 30 మంది కన్నడిగుల్లో 25 మందికి, ఉర్దూవాళ్లు పదిమందికీ తెలుగు వచ్చనుకుందాం. మిగిలిన ఐదుగురికి కన్నడం ఒక్కటే వచ్చు. ఉర్దూవాళ్లెవరికీ కన్నడం రాదు. తెలుగువాళ్లలో 20 మందికి కన్నడం వచ్చు. ఆ ఐదుగురికీ కన్నడం రాని 50 మందితో మాత్రమే మాట కుదరదు. 0.05, 0.5ల లబ్ధాన్ని రెండింతలు చేస్తే 0.05. కాబట్టి సూచిక 0.95. ఇందాకటి ఊరే, ఇందాకటి మనుషులే. ఇప్పుడు అది నూటికి తొంభై అయిదుసార్లు మాట కలిసే ఊరు.

మొదటి లెక్కకు మాతృభాష పట్టిక చాలు. రెండోదానికి ఎవరికి ఏది వచ్చో, ఆడవాళ్లకూ మగవాళ్లకూ తేడా ఏమిటో, సంతకు పోయేవాళ్లెవరో, పోనివాళ్లెవరో ఇల్లిల్లూ తిరిగి అడగాలి. భారత జనాభా లెక్కలు మాతృభాషతోపాటు తెలిసిన మరో రెండు భాషలనూ నమోదు చేస్తాయి. అయితే మాట్లాడటం రావడానికీ, అర్థం కావడానికీ నడుమ ఉన్న దూరం పట్టికలో ఇమడదు. గణిత సూచిక ఎంత పదునుగా ఉన్నా దానికి అందించే సమాచారం క్షేత్రంలోనే పుడుతుంది. ఈ రెండు శాస్త్రాల సదస్సుల చరిత్రలో మళ్లీ మళ్లీ తగిలే మెలిక ఇదే.

తెలుగు వేదికలు

మన దగ్గర భాష గురించి సభలు జరగడం విశ్వవిద్యాలయ శాఖలకంటే పాతది. రాయలసీమ అన్న పేరు నంద్యాలలో 1928లో జరిగిన ఆంధ్ర మహాసభ సందర్భంలోనే వాడుకలోకి వచ్చింది. దాన్ని ప్రతిపాదించినవాడుగా చెప్పుకునే చిలుకూరి నారాయణరావు ఆంధ్ర భాషా చరిత్ర రాసిన పండితుడు. దత్తమండలమన్న పాలకుల పేరు పోయి సొంత పేరు రావడంలో ఒక భాషా చరిత్రకారుడి చెయ్యి ఉండటం గమనించదగ్గది. అంతకుముందే గిడుగు రామమూర్తి గ్రాంథికానికీ వ్యావహారికానికీ నడుమ ఉన్న దూరాన్ని బడి, పరీక్ష, అధికారం ప్రశ్నగా చూశాడు. ఒకే సమాజంలో ఒకే భాష రెండు అంతస్తులుగా నడిచే స్థితిని చార్లెస్ ఫెర్గూసన్ 1959లో సిద్ధాంతంగా చెప్పాడు. గిడుగు దాని మీద సభల్లో పోరాడి అప్పటికి నాలుగు దశాబ్దాలు దాటింది.

విద్యాసంబంధ పని భద్రిరాజు కృష్ణమూర్తితో మలుపు తిరిగింది. 1928లో ఒంగోలులో పుట్టిన ఆయన 1962లో ఉస్మానియా విశ్వవిద్యాలయ భాషాశాస్త్ర శాఖకు ఆచార్యుడుగా వచ్చాడు. అదే ఏడు ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం, వ్యవసాయ పదాలతో, వెలువరించింది. చేనేత పదాల సంపుటం 1971లో వచ్చింది. రైతుల, నేతగాళ్ల దగ్గరికి వెళ్లి ఒకే పనిముట్టుకు జిల్లాకో పేరు రాసుకుని కూర్చిన కోశాలివి. పడుగు, పేక, నాడె, కండె వంటి మాటలను పండితుల నిఘంటువులు ఏదో ఒక మూల ప్రస్తావించి ఊరుకుంటే, ఇక్కడ అవే ముఖ్య విషయం. ఎమ్మిగనూరు వంటి నేత పట్టణాల జీవనానికి భాషాశాస్త్రం ఇచ్చిన గౌరవం ఇంతకంటే సూటిగా మరెక్కడా కనబడదు. తెలుగును ఉత్తర, దక్షిణ, తూర్పు, మధ్య మాండలిక మండలాలుగా విభజించడానికి ఈ సర్వేలే ఆధారం. ఆదోని దక్షిణ మండలంలోకి వస్తుంది. అయితే మండలం నడిబొడ్డున ఉన్న మాటకూ, కన్నడంతో ఒరుసుకునే అంచు మాటకూ ఉన్న తేడా నాలుగు మండలాల పటంలో కనబడదు.

ద్రావిడ భాషాశాస్త్రవేత్తల అఖిల భారత సదస్సు 1971లో తిరువనంతపురంలో వి.ఐ. సుబ్రహ్మణ్యం చొరవతో మొదలైంది. అప్పటినుంచి వేర్వేరు విశ్వవిద్యాలయాల్లో సాగుతూ తెలుగు పరిశోధకులకు తొలి మెట్టుగా పనికివస్తోంది. 1975 ఏప్రిల్లో హైదరాబాదులో జరిగిన మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు వేరే తరహావి. మహాసభలు ఉత్సవాలు, ద్రావిడ సదస్సులు పత్రాల వేదికలు. రెంటినీ ఒక గాటన కట్టడం తగదు.

తెలుగు నేల మీద జరిగిన వాటిలో శాస్త్రానికి ఎక్కువ మిగిల్చింది 1980 జనవరిలో ఉస్మానియాలో జరిగిన దక్షిణాసియా భాషల అంతర్జాతీయ సదస్సు. భద్రిరాజు, కోలిన్ మాసికా, అంజనీ సిన్హా సంపాదకత్వంలో 1986లో వచ్చిన దాని సంపుటం నిర్మాణం, భాషల చేరువ, భాషా అంతస్తులు అన్న మూడు అంశాలను ఒకే అట్ట కింద చేర్చింది. కుప్వాడ్ లేవనెత్తిన ప్రశ్న, గిడుగు లేవనెత్తిన ప్రశ్న అక్కడ పక్కపక్కన కూర్చున్నాయి.

తొమ్మిది వందల నలభై అయిదు వృక్షాలు

తెలుగు భాషాశాస్త్రవేత్త గణితాన్ని నేరుగా చేతబట్టిన సందర్భం 1983లో వచ్చింది. స్టాన్‌ఫర్డ్ గణాంకవేత్త లింకన్ మోసెస్, డగ్లస్ డాన్‌ఫర్త్‌లతో కలిసి భద్రిరాజు లాంగ్వేజ్ పత్రికలో ప్రచురించిన వ్యాసం అది.

ఆ వ్యాసానికి ఆధారం ఒక ధ్వని మార్పు. తమిళంలో ఇరండు, కన్నడంలో ఎరడు అన్నదాన్ని తెలుగులో రెండు అంటాం. ఉరుకుంద అంగట్లో ఎరడు, రెండు ఒకే పూట వినబడతాయి. తమిళ ఉరల్ మనకు రోలు. మొదటి అచ్చుకు వెనక ఉన్న హల్లు ముందుకు జరిగింది. ఈ మార్పు తెలుగుతోపాటు గోండి, కొండ, కుయి, కువి, పెంగో, మండ భాషల్లోనూ ఉంది. అది ఒక్కరోజులో అన్ని మాటలకూ అంటుకోలేదు, మాట వెంట మాటగా పాకింది. కొన్ని మాటలు మారాయి, కొన్ని ఇంకా మారలేదు. ఈ పాకుడు తీరునే భద్రిరాజు 1978 వ్యాసంలో చర్చించాడు.

1983లో ఆ ముగ్గురూ తెలుగును పక్కన పెట్టి మిగిలిన ఆరు భాషలను తీసుకున్నారు. ఆరు భాషలకు జంటలు జంటలుగా చీలే వంశవృక్షాలు ఎన్ని గీయవచ్చు? మూడు భాషలైతే 3, నాలుగైతే 15, అయిదైతే 105, ఆరైతే 945. వీటిలో ఏది నిజమైన చరిత్రకు దగ్గర? సాధారణంగా భాషలను గుంపులు కట్టడానికి అవి కలిసి పొందిన మార్పులను చూస్తారు. వీళ్లు దాన్ని తిరగేశారు. మార్పుకు అవకాశం ఉండి కూడా మారని జ్ఞాతి పదాలను లెక్కించారు. మాతృకలో ఒక మాట మారి ఉంటే దాని సంతానమంతా మారిన రూపమే పట్టుకొస్తుంది, కాబట్టి మారని రూపం ఎక్కడ నిలిచిందో చూస్తే కొమ్మలు ఎక్కడ విడిపోయాయో తెలుస్తుంది. ఒక్కో వృక్షానికి ఎన్ని విడివిడి మార్పులు ఊహించాల్సివస్తుందో లెక్కగట్టి, తక్కువ ఊహలతో సరిపోయే వృక్షాన్ని ఎంచుకున్నారు. ఫలితం సంప్రదాయ పద్ధతిలో పండితులు కట్టిన గుంపులకు సరిపోయింది. కొత్త పద్ధతి పాత జ్ఞానాన్ని నిర్ధారించడం చిన్న విషయం కాదు. రాయని భాషలకు కూడా ఇంత కచ్చితమైన చరిత్ర కట్టవచ్చని అది రుజువు చేసింది. అడవి ఊళ్లలో మనుషులు చెప్పిన మాటలను శ్రద్ధగా రాసుకున్న క్షేత్రకార్యకర్తలు లేకుంటే ఆ గణితానికి తిండి దొరికేది కాదు.

యంత్రం ముందు తెలుగు

కంప్యూటర్ వైపు సదస్సులకు హైదరాబాదు దేశంలోని ముఖ్య కేంద్రాల్లో ఒకటి. ఐఐటీ కాన్పూరులో మొదలై హైదరాబాదు విశ్వవిద్యాలయానికి వచ్చిన అనుసారక ప్రాజెక్టు తెలుగు, కన్నడం, మరాఠీ, బెంగాలీ, పంజాబీల నుంచి హిందీకి పాఠాన్ని అందించే ప్రయత్నం. వినీత్ చైతన్య, రాజీవ్ సంగల్ తదితరులు అక్షర భారతి పేరుతో పాణినీయ కారక దృష్టిని కంప్యూటరుకు తెచ్చారు. భారతీయ భాషల వాక్య నిర్మాణం ఎంతో దగ్గరిది కాబట్టి పదానికి పదం, ప్రత్యయానికి ప్రత్యయం పెట్టుకుంటూ పోయినా చదువరికి అర్థం అందుతుందన్నది వాళ్ల నమ్మకం. మోనా వేదిక మీద కుప్వాడ్ గురించి చెప్పిన సంగతి మీదే మరో తరం యంత్రాన్ని నిలబెట్టింది. ఒకరు సమాజాన్ని చూసి, ఒకరు వ్యాకరణాన్ని చూసి ఒకే చోటికి చేరారు.

1998లో ఏర్పడ్డ ట్రిపుల్ ఐటీ హైదరాబాదు ఈ పనికి నిలకడైన చిరునామా అయింది. 2008 జనవరిలో ఆసియా స్థాయి సహజ భాషా ప్రక్రియా సదస్సు ఐజేసీఎన్‌ఎల్‌పీ హైదరాబాదులో జరిగింది. దేశీయ ఐకాన్ సదస్సు 2002 నుంచి నడుస్తూ పలుమార్లు ఈ నగరానికి వచ్చింది. 2009 జనవరిలో హైదరాబాదు విశ్వవిద్యాలయం మూడో అంతర్జాతీయ సంస్కృత కంప్యూటర్ భాషాశాస్త్ర గోష్ఠికి ఆతిథ్యమిచ్చింది.

2008 సదస్సుకు అనుబంధంగా జరిగిన ఒక కార్యగోష్ఠిలో తెలుగు, ఉర్దూ సహా అయిదు భాషల పాఠాల్లో పేర్లను గుర్తించే పోటీ పెట్టారు. చూడ్డానికి సులభమైన పని. ఇంగ్లీషులో పేరుకు పెద్దక్షరం ఉంటుంది, తెలుగు లిపిలో ఆ గుర్తు లేదు. ఆదోని సీమలో స్వామి పేరు, ఊరి పేరు, మనిషి పేరు కలిసే నడుస్తాయి. ఉరుకుందప్ప, ఉరుకుందమ్మ, ఈరన్న అన్నవి అక్కడ ఇంటింటి పేర్లు. బస్సులో కండక్టరు "ఉరుకుంద వచ్చింది, దిగండి" అంటే ఊరు. ఇంట్లో "ఉరుకుందు వచ్చినాడు" అంటే కొడుకో అల్లుడో. "ఉరుకుందమ్మ వచ్చింది" అంటే మళ్లీ మనిషే, క్రియ మాత్రం ఊరికి వాడినదే. మనిషి క్షణంలో తేల్చేదాన్ని యంత్రం చుట్టుపక్కల మాటల నుంచి లెక్కగట్టుకోవాలి.

పదాల పొడవు మరో చిక్కు. "పోవాల్సొచ్చిందేమో" అన్నది రాతలో ఒకే మాట. అందులో క్రియ, అవసరం, జరగడం, సందేహం నాలుగూ ఉన్నాయి. ఇంగ్లీషు లెక్కల పద్ధతిలో ఒక్కో పదరూపం ఎన్నిసార్లు వచ్చిందో లెక్కిస్తే తెలుగులో చాలా రూపాలు ఒక్కసారే తగులుతాయి. అందుకే హైదరాబాదు విశ్వవిద్యాలయంలో జి. ఉమామహేశ్వరరావు వంటివాళ్లు పదాన్ని విడగొట్టే విశ్లేషకాల మీద ఏళ్ల తరబడి పనిచేశారు. 2009లో హైదరాబాదులో జరిగిన ఐకాన్‌లో హిందీ, బంగ్లాలతోపాటు తెలుగు వాక్యాల్లో కర్త, కర్మ సంబంధాలను యంత్రంతో గుర్తింపజేసే పోటీ నడిచింది.

2016లో వారణాసిలో జరిగిన ఐకాన్ పోటీ సోషల్ మీడియాలోని కలగలుపు భాష మీద. తెలుగు-ఇంగ్లీషు జంట అందులో ఉంది. 2021లో మొదలైన ద్రావిడ భాషా సాంకేతిక కార్యగోష్ఠులు ఈ పనిని ముందుకు తీసుకెళ్తున్నాయి. ఈ పోటీల్లో కలగలుపు అంటే ఎక్కువగా ఇంగ్లీషుతో కలిసినదే. తెలుగు-కన్నడం-దక్కనీ కలిసే ఆదోని తరహా మాటకు చరిత్ర ఎక్కువ, రాతలోకి వచ్చింది తక్కువ. కీబోర్డు మీద రాసిందే సమాచారంగా చలామణి అవుతున్న కాలంలో, సామాజిక భాషాశాస్త్రవేత్తలు టేపు రికార్డరు పట్టుకొని చేసిన పనిని కంప్యూటర్ శాఖలు మళ్లీ నెత్తికెత్తుకోవాలి. అది గట్టిగా అడగాల్సిన విషయం.

సదస్సుల పనితీరు

రెండు వైపులా సదస్సు నడిచే తీరు వేరు. సామాజిక భాషాశాస్త్రంలో సంక్షేపం పంపితే చాలు. చదివిన పత్రం తర్వాత పెరిగి సంపుటంలోకి చేరడానికి ఏళ్లు పడుతుంది: 1964 సదస్సుకు రెండేళ్లు, మోనాకు మూడు, ఉస్మానియాకు ఆరు. కంప్యూటర్ వైపు పూర్తి పత్రమే ముందుగా పంపాలి, పేర్లు దాచి పరీక్షిస్తారు, సదస్సు నాటికే సంపుటం సిద్ధం. కంప్యూటేషనల్ లింగ్విస్టిక్స్ సంఘం తన పత్రాలన్నిటినీ అంతర్జాలంలో ఉచితంగా ఉంచుతుంది. ఆదోని డిగ్రీ కళాశాలలో చదివే విద్యార్థి స్టాన్‌ఫర్డ్ విద్యార్థి చదివిన పత్రాన్నే అదే రోజు చదవవచ్చు. ఆ పత్రాలు ఇంగ్లీషులోనే ఉండటం ఇంకా తీరని అడ్డంకి.

బడిపిల్లలకు తెరిచిన వేదిక ఒకటుంది. 2003లో బల్గేరియాలో మొదలైన అంతర్జాతీయ భాషాశాస్త్ర ఒలింపియాడ్ 2016లో మైసూరులో జరిగింది. మన దేశంలో పాణిని లింగ్విస్టిక్స్ ఒలింపియాడ్ ద్వారా విద్యార్థులను ఎంపిక చేస్తారు. ఎన్నడూ వినని భాషలోని కొన్ని వాక్యాలు, వాటి అర్థాలు ఇచ్చి, వ్యాకరణాన్ని తామే కనుక్కొమ్మంటారు. ముందస్తు భాషాశాస్త్ర పరిజ్ఞానం అక్కరలేదు, వాక్యాలను పక్కపక్కన పెట్టి పోల్చే ఓపిక ఉంటే చాలు. ఇంట్లో కన్నడం, బడిలో తెలుగు నడుపుకొచ్చే కౌతాళం, కోసిగి పిల్లలకు ఆ పోలిక రోజూ చేసే పనే. ఈ సీమ ఉపాధ్యాయులు ఆ పరీక్షను తమ బడులకు తేవడానికి ప్రత్యేక ప్రయోగశాల గానీ, పెద్ద ఖర్చు గానీ అవసరం లేదు.